కుట్లు కోసేసినా విడిపోని పడవ

దర్జీ మీకొక చొక్కా కుట్టాడు. మీ చేతికిచ్చే ముందు కత్తెర తీసుకుని కుట్లన్నీ టకటకా కత్తిరించేశాడు. మీరేమంటారు? పోనీ, అది చొక్కా. మహా అయితే నలుగురూ నవ్వుతారు. కాని పడవ విషయంలో సరిగ్గా ఇదే పని చేసి, ఆ పడవెక్కి నదుల్లోకీ సముద్రంలోకీ వెళ్ళేవాళ్ళు ప్రపంచంలో చాలామంది వున్నారు. వాళ్ళు పిచ్చివాళ్ళు కారు. పైగా ఆ పడవను వాళ్ళే స్వయంగా ఇంటి వెనక పాకలోనో, కారు షెడ్డులోనో తయారుచేసుకుంటారు.

ఆ పడవ పేరు కయాక్. సన్నగా, పొడుగ్గా చేపలాగా వుంటుంది. పొడవు సుమారు 5 మీటర్లు. వెడల్పు 60 సెంటీమీటర్ల లోపే. పైభాగం కూడా మూసివుంటుంది. మనిషి కూచోటానికి మధ్యలో ఒక రంధ్రం మాత్రం వదులుతారు. అందులో కాళ్ళు ముందుకు చాపుకుని కూచుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నీటిని వెనక్కి తోస్తూ పోతారు. 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేస్తే పడవ మొత్తం బరువు 20 కిలోలకు అటూ ఇటూగా వుంటుంది. అంటే మనిషి తన పడవను తానే భుజాన వేసుకుని పోవచ్చునన్న మాట.

దీన్ని చేసే పద్ధతి చూడండి. ముందుగా ప్లైవుడ్‌ను పొడవాటి పలకలుగా కోస్తారు. పలకల అంచుల వెంట పది, పదిహేను సెంటీమీటర్లకు ఒకటి చొప్పున సన్నని రంధ్రాలు వేస్తారు. రెండు పలకల అంచులు దగ్గరికి చేర్చి, ఆ రంధ్రాల గుండా రాగితీగ దూర్చి మెలిపెడతారు. ఇదే కుట్టు. తర్వాత లోపలివైపు అతుకుల వెంట జిగురు పెడతారు. అది గట్టిపడ్డాక తీగల్ని కత్తిరించి లాగి పారేస్తారు!

మరి ఆ పడవను పట్టివుంచేది ఏమిటి? ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. ఒడ్డుకు అర కిలోమీటరు దూరాన, కింద లోతైన నీళ్ళుండగా అతుకు విచ్చుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. నీటికీ మనిషికీ మధ్య వున్నది 4 మిల్లీమీటర్ల చెక్క. ఆ చెక్కకూ చెక్కకూ మధ్య వున్నది అతుకు.

సూదితో పడవను కుట్టటం కొత్తేమీ కాదు. కయాక్ పుట్టిందే సూదీ దారంతో. ఉత్తర ధ్రువానికి దగ్గరగా, చెట్లు మొలవని మంచు ప్రాంతాల్లో వుండే ఇన్యూట్ ప్రజలు సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలతో చట్రం కట్టి, దానిమీద సీల్ తోళ్ళు తొడిగేవారు. ఆ తోళ్ళను కుట్టే పని ఆడవాళ్ళది. వాళ్ళ నేర్పు ఎంతటిదంటే, సూది తోలు మందంలో సగం దాకానే దిగి, అటువైపు తేలకుండానే మళ్ళీ పైకి వచ్చేది. తోలుకు ఆరపార రంధ్రమే పడదు. ఇక నీరు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మన తీరంలోనూ కుట్టిన పడవలున్నాయి. కోరమండల్ తీరంలో తరతరాలుగా వాడిన మసూలా పడవల్లో ఒక్క మేకు కూడా వుండేది కాదు. పలకల్ని కొబ్బరిపీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేసేవారు. మద్రాసుకు 19వ శతాబ్దం చివర నౌకాశ్రయం ఏర్పడేదాకా, దూరంగా లంగరు వేసుకున్న ఓడల నుంచి మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకు చేర్చింది ఈ పడవలే. అక్కడ అలలు విరిగి ఇసుకమీద పడే చోట మేకులు కొట్టిన బిగుతైన పడవ దబ్బున నేలకు తగిలితే పలక చిట్లేది. మసూలా పడవ మాత్రం కుట్ల దగ్గర కొంచెం సాగి, కొంచెం వంగి, ఆ దెబ్బను మింగేసేది. నీళ్ళు కాసిని వూరేవి, వాటిని తోడిపోసేవారు. ఆ పడవ చేసినవాళ్ళు పుస్తకాల్లో పదార్థాల బలం గురించి చదువుకోలేదు. కాని ఈ ఏర్పాటు కంటె తెలివైనది అప్పట్లో ఇంకెవరూ చూపించలేకపోయారు.

ఈ రెండు పడవల్లోనూ బలమంతా దారానిదే. దారం తెగితే పడవ లేదు. ప్లైవుడ్ కయాక్ దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడింది. ఈ పద్ధతికి ఆద్యుడుగా కెన్ లిటిల్‌డైక్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుణ్ణి చెబుతారు. ఆయన పలకలను తీగతో కుట్టి, అతుకుమీద గాజునార పట్టీని రెసిన్‌తో అంటించి చిన్న పడవలు చేశాడు. 1963లో ఇదే పద్ధతితో ‘మిర్రర్’ అనే చిన్న తెరచాప పడవ ఇంగ్లండులో వెలువడింది. పొడవు 3.3 మీటర్లు. జాక్ హోల్ట్ అనే పడవల నిపుణుడూ, టెలివిజన్‌లో ఇంటిపనులు నేర్పే బారీ బక్‌నెల్ కలిసి దాన్ని రూపొందించారు. డైలీ మిర్రర్ పత్రిక వెనక నిలబడింది. ముక్కలుగా కోసిన ప్లైవుడ్, తీగ, పట్టీ, రెసిన్ అన్నీ పెట్టెలో పెట్టి అమ్మారు. వడ్రంగం రానివాళ్ళు సైతం ఇంట్లోనే కుట్టుకున్నారు. అలాంటి పడవలు 70 వేలకు పైగా తయారయ్యాయి.

ఇందులో తీగ చేసే పనల్లా పలకల్ని సరైన ఆకారంలో నిలబెట్టటమే. బల్లపరుపు బట్టను వంపులుగా కత్తిరించి కుడితే భుజాల దగ్గర గుండ్రంగా వచ్చినట్లే, వంపు అంచులున్న చదును పలకల్ని కలిపి కుడితే పడవ పొట్ట దానంతటదే వంపు తిరుగుతుంది. జిగురు గట్టిపడేదాకా కదలకుండా పట్టుకోవటంతో తీగ వుద్యోగం పూర్తి! ఇల్లు కట్టేటప్పుడు స్లాబు కింద పెట్టే సెంట్రింగ్ చెక్కల్లాంటిది అది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక ఖాళీ అగ్గిపెట్టె తీసుకోండి. లోపలి అర తీసేసి, పైతొడుగును రెండు కొసలా పట్టుకుని మెలి తిప్పటానికి ప్రయత్నించండి. పలచని అట్టే అయినా బాగానే ఎదురుతిరుగుతుంది. ఇప్పుడు ఒక మూల వెంట బ్లేడుతో నిలువునా చీల్చండి. మళ్ళీ తిప్పండి. ఎంత మెత్తగా తిరిగిపోతోందో చూశారా? అట్ట తగ్గలేదు, మందం తగ్గలేదు. పోయిందల్లా ఒక్క అతుకు. పడవ కూడా ఇంతే. విడివిడిగా చూస్తే ప్లైవుడ్ పలకలు చేతితో వంచితే వంగేవే. అతుకులు వాటిని కలిపి ఒకే గొట్టంగా చేస్తాయి. కాబట్టి అతుకంటే నీళ్ళు రాకుండా అడ్డే బిరడా మాత్రమే అనుకోకూడదు. పడవ బిగుతంతా దానిమీదే ఆధారపడి వుంది.

ఆ అతుకుమీద ఎంత బలం పడుతుందో కొంచెం లెక్క వేద్దాం. గడ్డు పరిస్థితే తీసుకుందాం. పడవ ముందు కొస ఒక అలమీదా, వెనక కొస ఇంకో అలమీదా నిలిచింది. మధ్యలో నీరు లేదు. 75 కిలోల మనిషి సరిగ్గా మధ్యన కూచున్నాడు. ఒక్కో కొస మోసేది 37.5 కిలోలు. ఈ బరువును పడవ రెండు పక్కలూ పంచుకుంటాయి కాబట్టి ఒక్కో పక్కకు 19 కిలోలనుకోండి. పడవ లోతు 30 సెంటీమీటర్లయితే, పక్క పలకనూ అడుగు పలకనూ ఒకదానిమీద ఒకటి జారేట్లు చేసే బలం అతుకు పొడవున ప్రతి సెంటీమీటరుకూ 0.6 కిలో చిల్లర మాత్రమే. మంచి అతుకు ప్రతి సెంటీమీటరుకూ పదుల కిలోలు భరిస్తుంది. అంటే అలలతో భయమే లేదు!

మరి అతుకులు ఎందుకు పగులుతాయి? నేను గమనించినంతలో, నీళ్ళమీద కంటె నేలమీదే పడవలకు గండాలెక్కువ. కారు పైనుంచి జారిపడటం, ఇద్దరు మోస్తూ ఒకరు వదిలేయటం, ఒడ్డున సగం పడవ గట్టుమీదా సగం గాలిలోనూ వుండగా మనిషి ఎక్కి కూచోవటం, లోతులేని చోట వేగంగా వస్తూ రాతిమీదికి ఎక్కటం. అప్పుడు పడేది పడవంతటా పరచుకునే బలం కాదు. ఒక్క చోట పడే దెబ్బ. అది అతుకును జారేట్లు చేయదు. గునపంతో పెకలించినట్లు విప్పుతుంది.

గునపం అన్నది వూరికే అనలేదు. పలక మీద, అతుకుకు 10 సెంటీమీటర్ల దూరాన దెబ్బ తగిలిందనుకోండి. అతుకు మందం 4 మిల్లీమీటర్లే. తులాదండ సూత్రం మీకు తెలుసుగదా! పొడుగు చెయ్యి 10 సెంటీమీటర్లు, పొట్టి చెయ్యి 0.4 సెంటీమీటరు. బయట 1 కిలో బలం పడితే అతుకు అంచున పాతిక కిలోలకు తక్కువ కాకుండా పడుతుంది. అంచుకు అంచు ఆనించి జిగురు పెట్టిన అతుకు ఇందుకే పుటుక్కున విరుగుతుంది. జిగురు నాసిరకం కావటం వల్ల కాదు.

జిగురు గురించి ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. గాయానికి అంటించిన ప్లాస్టరును పక్కకు జరుపుదామంటే జరగదు. అదే ఒక మూల పట్టి పైకి లాగితే సర్రున వూడి వస్తుంది. జారే బలాన్ని జిగురు తన వైశాల్యమంతటితో ఎదుర్కొంటుంది. ఒలిచే బలం మాత్రం ఒక్క సన్నని గీతమీదే పడుతుంది. ఆ గీత వూడగానే పక్క గీత, తర్వాత దాని పక్కది. కాబట్టి పడవ చేసేవాడి తెలివంతా, ఒలిచే బలాన్ని జారే బలంగా మార్చటంలో వుంది.

అందుకు రెండు పనులు చేస్తారు. మొదటిది ఫిల్లెట్. ఎపాక్సీ అనే జిగురులో మెత్తని చెక్కపొడి కలిపి, గారెల పిండిలా చెంచానుంచి జారకుండా వుండే ముద్ద చేస్తారు. లోపలివైపు రెండు పలకలు కలిసే మూలలో ఆ ముద్ద పెట్టి, చెంచా వీపుతో నున్నగా గుంటలాగా లాగుతారు. పదునైన మూల పోయి గుండ్రని వంపు వస్తుంది. అతుకు మందం 4 మిల్లీమీటర్ల నుంచి 12 మిల్లీమీటర్లకు పెరిగిందనుకోండి. ఇందాకటి పాతిక రెట్లు ఎనిమిది రెట్లకు పడిపోతుంది. పైగా పదునైన మూలల్లోనే పగుళ్ళు పుడతాయి. కాగితం చింపబోయే ముందు మడతపెట్టి గీరతాం చూడండి, అలా. గుండ్రని వంపులో పగులుకు పుట్టుచోటే దొరకదు.

రెండోది గాజునార పట్టీ. 7, 8 సెంటీమీటర్ల వెడల్పున్న ఈ నేతపట్టీని ఫిల్లెట్ మీద లోపలా, అంచుమీద బయటా పరిచి ఎపాక్సీతో తడుపుతారు. గాజేమిటి, బలమేమిటి అంటారేమో! చేతిలోంచి జారితే ముక్కలయ్యే గాజునే సన్నని నారగా తీస్తే వుక్కు తీగతో పోటీపడుతుంది. దీని కారణం కనిపెట్టినవాడు గ్రిఫిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. గాజును బలహీనం చేసేవి కంటికి కనిపించని పగుళ్ళనీ, నార సన్నబడే కొద్దీ పెద్ద పగుళ్ళకు అందులో చోటుండదనీ ఆయన 1921లో ప్రచురించిన వ్యాసంలో చూపించాడు. గాజుపట్టీ లాగుడును భరిస్తుంది, చెక్కముద్ద నొక్కుడును భరిస్తుంది, ఎపాక్సీ రెంటినీ కలిపి పట్టుకుంటుంది.

వైశాల్యం ఎంత పెరిగిందో చూడండి. ఒక సెంటీమీటరు పొడవు అతుకులో అంచుకు అంచు తాకే చోటు 0.4 చదరపు సెంటీమీటరు. పట్టీ వేశాక ఒక్కో పలక మీద లోపలా బయటా కలిపి జిగురు పట్టిన చోటు 7 చదరపు సెంటీమీటర్ల పైనే. ప్లైవుడ్ షీటు పొడవు 2.44 మీటర్లే కాబట్టి 5 మీటర్ల పలక కావాలంటే ముక్కకు ముక్క అతకాలి. అక్కడా ఇదే సూత్రం. చివరల్ని ఏటవాలుగా, మందానికి ఎనిమిది రెట్ల పొడవున చెక్కి ఒకదానిమీద ఒకటి అతికిస్తారు. 4 మిల్లీమీటర్ల అతుకు కాస్తా 32 మిల్లీమీటర్లవుతుంది.

పట్టీలో చిన్న కిటుకొకటుంది. మామూలు నేతలో సగం పోగులు అడ్డంగా, సగం నిలువుగా వుంటాయి. అతుకు వెంట పొడుగునా పోయే పోగులు దాన్ని విడిపోకుండా పట్టటానికి దాదాపు పనికిరావు. అందుకని నేతను ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో వేస్తే పోగులన్నీ అతుకును దాటే పోతాయి. అదే బట్ట, అదే బరువు, బలం మాత్రం ఎక్కువ.

లోపలి పట్టీ ముఖ్యమా, బయటి పట్టీ ముఖ్యమా అని ఎవరినైనా అడగండి. రాయి తగిలేది బయటే కాబట్టి బయటిదే అంటారు. మీరే పరీక్షించి చూడండి. పాత నోట్‌బుక్కు అట్టలోంచి 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పున్న ముక్కలు ఎనిమిది కోయండి. రెండేసి ముక్కల్ని పొడవు అంచులు కలిపి గుడారంలా నిలబెట్టి ఫెవికాల్‌తో అతకండి. ఇలా నాలుగు గుడారాలు. మొదటిదానికి అంచున జిగురు తప్ప ఏమీ వద్దు. రెండోదానికి బయట మాత్రం పాత నూలుగుడ్డ పట్టీ జిగురుతో అంటించండి. మూడోదానికి లోపల మాత్రం. నాలుగోదానికి లోపల రంపపు పొట్టు కలిపిన జిగురుతో ఫిల్లెట్ లాగి, లోపలా బయటా గుడ్డ అంటించండి. ఒక రోజంతా ఆరనివ్వండి. తొందరపడితే పరీక్ష దండగ.

రెండు పుస్తకాల దొంతరల మధ్య సందు వదిలి, గుడారం ఒక పాదం ఒక దొంతరమీద, రెండో పాదం ఇంకోదానిమీద వుంచండి. పాదాలు సులువుగా జారేందుకు పుస్తకాల అట్టమీద కాస్త టాల్కం పౌడరు చల్లండి. శిఖరంమీదుగా దారం వేసి (కోసుకుపోకుండా కింద చిన్న అట్టముక్క పెట్టి) దానికి ఒక డబ్బా వేలాడదీసి, చిన్న గ్లాసుతో నీళ్ళు పోస్తూ లెక్కపెట్టండి. బరువు పెరిగే కొద్దీ పాదాలు దూరంగా జరుగుతాయి, గుడారం విచ్చుకుంటుంది. అప్పుడు సాగేది లోపలివైపు, నలిగేది బయటివైపు! పడవ వెన్ను రాతిమీద దిగినప్పుడు జరిగేదీ ఇదే. రాయి బయటే తగిలినా, ఆ దెబ్బకు లాగుడు పడేది లోపలి పట్టీమీద. బయటి పట్టీ రాపిడిని ఆపుతుంది. దెబ్బ పక్క పలకకు తగిలి మూల మూసుకోబోయినప్పుడు లాగుడు దాని వంతుకు వస్తుంది. అందుకే రెండూ కావాలి.

గుడారం పడిపోయాక ఎన్ని గ్లాసులన్నది రాసుకోండి. అంతకంటె ముఖ్యమైనది, విరిగిన చోటును దగ్గరగా చూడటం. జిగురు నున్నగా, శుభ్రంగా వూడివస్తే అది అట్టకు పట్టనే లేదు. జిగురుతోపాటు అట్టపొర చిరిగి వస్తే, అతుకు అట్టకంటె గట్టిదన్న మాట. అనుభవం వున్నవాళ్ళు పడవ మొదలుపెట్టే ముందు ప్లైవుడ్ ముక్కలతో ఇలాంటి నమూనానే చేసి, కాలితో తొక్కి విరగ్గొడతారు. చెక్క చిరిగితే సరే. అతుకు విడిపోతే ఎక్కడో పొరపాటు జరిగింది.

ఆ పొరపాట్లు ఎక్కువగా తొందరపాటు వల్లే వస్తాయి. ఎపాక్సీలో రెసిన్‌కూ గట్టిపరిచే ద్రవానికీ పాళ్ళు ఖాయంగా వుంటాయి. రెండోది ఎక్కువ పోస్తే తొందరగా గట్టిపడుతుందనుకుంటారు. నిజానికి మిగిలిన ద్రవం పట్టు దొరక్క జిగురును మెత్తగా వుంచేస్తుంది. ప్లైవుడ్ అంచు మొద్దు కోసిన చోటులాంటిది, జిగురును పీల్చేస్తుంది. ముందుగా పొడి కలపని పలచని ఎపాక్సీతో అంచును తడపకపోతే ముద్దలోని జిగురంతా చెక్క తాగేసి పొడి మిగులుతుంది. గాజుపట్టీ బాగా తడిస్తే గాజు కనిపించకుండాపోయి కింది చెక్క రంగు తేలుతుంది. తెల్లగా మిగిలిన మచ్చల్లో జిగురు లేదు, గాలి వుంది. ఎండ ఎపాక్సీకి పడదు కాబట్టి పైన ఎండకు ఆగే వార్నిషు పూయాలి. తీగ రంధ్రాల్లో ఒక్కటి పూడ్చకపోయినా నీరు ప్లైవుడ్ పొరల్లోకి చేరి, ఏళ్ళ తరబడి లోపల్లోపలే కుళ్ళబెడుతుంది. పైకి వార్నిషు తళతళలాడుతూనే వుంటుంది!

ఇన్ని చేసినా, కయాక్‌కు ముందూ వెనకా అడ్డుపలకలు అతికి రెండు గాలి గదులు కడతారు. మధ్య గదిలో నీరు నిండినా పడవ తేలుతుంది. నీటిమీదికి వెళ్ళేవాడు ఒంటిమీద తేలే జాకెట్టు వేసుకునే వెళతాడు.

ఇక మిగిలింది చివరి పరీక్ష. రంగు వేయకముందే, పడవను రెండు స్టూళ్ళమీద పెట్టి, ముందు నీటిలో దింపకుండా, నీటినే పడవలో పోస్తారు. నాలుగైదు బిందెలు చాలు. ఒక కొసను ఎత్తి, తర్వాత రెండో కొసను ఎత్తి నీటిని అతుకులన్నిటి వెంటా నడిపిస్తారు. చేతిలో సుద్దముక్క పట్టుకుని కింద పాక్కుంటూ, చెమ్మ కనిపించిన ప్రతిచోటా బయట గుండ్రంగా గీత పెడతారు. నీళ్ళు పారబోసి, పడవ ఆరాక, గీత పెట్టిన చోటల్లా జిగురు గీకి మళ్ళీ పెడతారు. మళ్ళీ బిందెలు తెచ్చి పోస్తారు. సుద్దముక్కకు పని లేకుండా పోయిన రోజున పడవను నది దగ్గరికి మోసుకుపోతారు.